నిజమే ప్రభువా అన్న తర్వాత

"అయ్యగారూ, యేసయ్య ఆమెను కుక్క అన్నాడా, అనలేదా? ముందు అది చెప్పండి."

గుంటూరులో అరండల్‌పేట వైపు ఒక ఇంట్లో శుక్రవారం ఉపవాస కూడిక. కూతుర్ని బాగుచేయమని యేసును వేడుకున్న పరాయి దేశపు స్త్రీ గురించి వాక్యం, అది సగంలో ఉండగా డెబ్బై దాటిన ఒక మామ్మ ఉన్నట్టుండి అడిగేసింది. అయ్యగారు నవ్వి, "అది పరీక్షమ్మా, ఆమె తగ్గింపు ఎంతో చూశాడు, మనమూ అలాగే తగ్గించుకోవాలి" అని ముందుకు వెళ్ళిపోయారు. మామ్మ తలైతే ఊపింది గానీ ముఖం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు. నాకూ సరిపోలేదు. ఇంటికొచ్చి ఆ కథ ఉన్న మత్తయి సువార్త 15వ అధ్యాయం, మార్కు సువార్త 7వ అధ్యాయం పక్కపక్కన పెట్టుకుని చదివాను, ఆ తర్వాత కొన్ని వారాలు అదే పని. ఇది మామ్మకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

కథ చిన్నదే, మత్తయిలో ఎనిమిది వచనాలు, మార్కులో ఏడు. యేసు గలిలయ వదిలి తూరు, సీదోను ప్రాంతానికి వెళ్తాడు, అంటే ఇప్పటి లెబనాన్ సముద్రతీరం. ఒక ఇంట్లో దిగాడనీ, తాను వచ్చిన సంగతి ఎవరికీ తెలియకూడదని అనుకున్నాడనీ మార్కు రాస్తాడు. తెలిసిపోయింది. ఆ ఊళ్ళవైపు ఆడమనిషి ఒకామె, కూతురికి దయ్యం పట్టి నానా బాధపడుతోందని, "దావీదు కుమారుడా, నన్ను కరుణింపుము" అని కేకలు వేస్తూ వెంటపడింది. ఆయన పలకలేదు. శిష్యులు పంపించేయమన్నారు. ఆయనేమో తాను ఇశ్రాయేలు ఇంటి తప్పిపోయిన గొర్రెల కోసమే వచ్చానన్నాడు. ఆమె వచ్చి కాళ్ళ మీద పడింది. పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదు అన్నాడు. ఆమె "నిజమే ప్రభువా" అని ఒప్పుకుని, కుక్కపిల్లలు కూడా యజమానుల బల్ల మీద నుంచి పడే ముక్కలు తింటాయి గదా అంది. "అమ్మా, నీ విశ్వాసము గొప్పది" అన్నాడాయన. పిల్ల బాగుపడింది.

మన ప్రసంగాల్లో ఈమెకు ఎప్పుడూ చిరిగిన చీరే కడతాం. పేదరాలు, విధవరాలు, దిక్కులేనిది. అవేవీ వాక్యంలో లేవు. మార్కు ఆమెను గ్రీకు స్త్రీ అంటాడు, సురోఫెనికయలో పుట్టింది అంటాడు, అంటే గ్రీకు అలవాట్లు తెలిసిన తీరప్రాంతపు మనిషి. తూరు అప్పట్లో మామూలు ఊరు కాదు, రేవు పట్నం, ఊదారంగు బట్టలకు పేరు, అక్కడి వెండి నాణెంతోనే యెరూషలేము దేవాలయపు పన్ను కట్టేవాళ్ళు. పైగా తిండికి ఆ పట్నాలు లోపలి ప్రాంతం మీద ఆధారపడేవి, అపొస్తలుల కార్యములు 12లో తూరు, సీదోనువాళ్ళు హేరోదు రాజుతో రాజీకి రావడానికి కారణం అదే, వాళ్ళ దేశానికి తిండి ఆయన రాజ్యం నుంచే వెళ్ళేది. పండించినవాడు గంజి తాగుతుంటే పట్నంలోవాడు సన్నబియ్యం వండుకోవడం మన డెల్టా పల్లెలకు కొత్తగా చెప్పక్కర్లేదు గదా. అందుకే గలిలయ రైతు చెవికి "పిల్లల రొట్టె తీసి" అన్న మాట వేరేగా తగిలి ఉంటుంది. మా పిల్లల నోటి దగ్గరి రొట్టె ఇప్పటికే మీ ఊరు చేరుతోంది కదా, ఇంకా ఏం కావాలి అన్నట్టు. ఈ కోణం తెలిశాక ఆ కుక్క మాట మెత్తబడదు గానీ, పైన ఉన్నవాడు కింద ఉన్న ఆడమనిషిని తోసేశాడు అని మనం ఊహించుకునే బొమ్మ కొంచెం తిరగబడుతుంది.

మత్తయి ఇంకో పని చేశాడు. ఆమెను కనాను స్త్రీ అన్నాడు. అప్పటికే అది పాతబడిన పేరు, యెహోషువ కాలంనాటి శత్రువుల పేరు. కావాలనే తవ్వి తీశాడనిపిస్తుంది, ఎందుకంటే తన సువార్త మొదటి పేజీలో యేసు వంశావళి రాస్తూ రాహాబు పేరు పెట్టింది కూడా ఆయనే, ఆమే కనానీయురాలే. శత్రువు వంశం అని తోసేయబోతే అది ఆయన ఇంటి చుట్టరికమే అవుతుంది.

శిష్యుల మాట దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. మన తెలుగు బైబిల్లో "పంపివేయుము" అని ఉంది. దాని వెనక ఉన్న గ్రీకు క్రియకు విడిచిపెట్టు, విడుదల చేయి అనే అర్థాలూ ఉన్నాయి, కాబట్టి "అడిగింది ఇచ్చేసి పంపించు స్వామీ, ఈ గోల భరించలేం" అన్నారని చదివేవాళ్ళూ ఉన్నారు. అలా చదివితే తర్వాతి జవాబు బాగా అతుకుతుంది, ఇవ్వమన్నారు గనకే నేను పంపబడింది ఇశ్రాయేలు కోసమే అన్నాడు. ఎలా చదివినా వాళ్ళ బాధ పిల్ల గురించి కాదు, గోల గురించి. ఆసుపత్రి వరండాలో ఏడుస్తున్న తల్లిని చూసి "ఎవరన్నా ఆమెను బయటికి తీసుకెళ్ళండయ్యా" అనేవాళ్ళను మనం చూశాం. ఒకసారి ఆ మాట అన్నది నేనే.

ఇప్పుడు మామ్మ ప్రశ్న.

అన్నాడు. ఆ మాట అన్నాడు, దాన్ని మాయం చేయలేం. చేయాలని చాలామంది చూశారు. అందరూ పట్టుకునేది గ్రీకు పదాన్ని, అక్కడున్నది వీధికుక్కకు వాడే మాట కాదు, చిన్నచేసి పలికే మాట, మన అనువాదకులు చక్కగా కుక్కపిల్లలు అన్నారు. ఇంట్లో తిరిగే కుక్క అనే ధ్వని ఉందన్నమాట వాస్తవమే. కానీ గుంటూరు బస్టాండులో ఎవరినన్నా కుక్కపిల్లా అని పిలిచి చూడండి, పిల్ల అన్నాను కదా అంటే ఊరుకుంటారేమో. కొందరు ఆయన శిష్యుల మనసులో ఉన్న మాటనే పైకి అని వాళ్ళకు చూపించాడంటారు. ఇది నాకు కొంత నచ్చుతుంది, ఎందుకంటే ఈ అధ్యాయం మొదలైందే చేతులు కడుక్కోకుండా తినడం గురించిన గొడవతో, మనిషిని అపవిత్రం చేసేది నోట్లోకి పోయేది కాదు, హృదయం నుంచి వచ్చేదే అని ఆయన చెప్పి ముగించాడు, వెంటనే అపవిత్రమైన జనం అనుకునే దేశంలోకి నడిచాడు, పాఠం చెప్పిన మాస్టారు ప్రాక్టికల్‌కి తీసుకెళ్ళినట్టు. ఇంకొందరైతే ఆమె మాటతో ఆయన నిజంగానే మనసు మార్చుకున్నాడంటారు. ఆ మాట వింటే మన సంఘాల్లో చాలామందికి టెన్షన్ వస్తుంది, నాకూ వచ్చింది, అయినా పక్కన పెట్టేయలేకపోయాను, ఎందుకో కింద చెప్తా.

నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది మార్కులోని ఒక్క పదం. అక్కడ ఆయన, పిల్లలు మొదట తృప్తి పడాలి అంటాడు. మొదట. అంటే తలుపు వేయలేదు, వరుస చెప్పాడు. మొదట ఇశ్రాయేలు, తర్వాత మిగతా జనాలు, మత్తయి కూడా 10వ అధ్యాయంలో అన్యజనుల దారిలోకి వెళ్ళొద్దని రాసి 28లో సమస్త జనుల దగ్గరికీ వెళ్ళమని ముగించాడు. ఆమె వచ్చింది మధ్యలో. తన వంతు రాకముందే వచ్చింది.

పిల్ల మూలుగుతుంటే వంతు కోసం ఏ తల్లి ఆగుతుంది?

ఇక ఆమె జవాబు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. ఆయన చెప్పిన బొమ్మలో రెండు పనులు ఉన్నాయి, పిల్లల దగ్గర రొట్టె తీసుకోవడం, దాన్ని కుక్కలకు వేయడం. ఆ బొమ్మలో ఒకరికి పెట్టాలంటే ఇంకొకరికి తగ్గాలి. యూదుల పల్లెల్లో కుక్క అంటే ఎక్కువగా బయట తిరిగేది, వేస్తే బయటికే వేయాలి. ఆమె అదే బొమ్మను తీసుకుంది, ఒక్క పాత్రను కూడా మార్చలేదు, కుక్కపిల్ల స్థానం కూడా వదల్లేదు, కానీ కుక్కపిల్లను మాత్రం లోపలికి తెచ్చి బల్ల కింద కూర్చోబెట్టింది. బల్ల కింద ఉన్న కుక్కపిల్ల కోసం ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ లాక్కోనక్కర్లేదు. చంటిపిల్లాడికి గోరుముద్దలు పెట్టే అమ్మలకు ఇది చెప్పాల్సిన పనే లేదు, నోట్లోకి పోయేదెంత, కింద పడేదెంత. పిల్లవాడు తింటూ ఉండగానే కింద కుక్కపిల్లా తింటూ ఉంటుంది. పిల్లలు మొదటే తిననీ ప్రభువా, నేను వాళ్ళ వరుస చెడగొట్టను, కానీ మీ బల్ల దగ్గర మొదటికీ తర్వాతకీ మధ్య అంత ఆలస్యం ఎందుకుంటుంది, పడుతూనే ఉంటాయి కదా ముక్కలు. ఆమె అన్నది ఇదీ. ఆయన ఉపమానాలతో శాస్త్రుల నోళ్ళు మూయించినవాడు. ఆయన ఉపమానాన్ని ఆయనకే తిప్పి చెప్పింది ఈమె ఒక్కతే అనుకుంటా. మార్కులో ఆయన "ఈ మాట చెప్పినందున" వెళ్ళు అంటాడు. ఆమె కన్నీళ్ళు చూసి అనలేదు, మాట విని అన్నాడు. మనసు మార్చుకున్నాడనే చదువును నేను తీసిపారేయలేకపోయింది ఇందుకే.

మత్తయి గ్రీకులో "నిజమే ప్రభువా" తర్వాత "కానీ" లేదు, ఇది గమనించండి. "ఎందుకంటే కుక్కపిల్లలు కూడా" అన్నట్టుగా ఉంటుంది. మన తెలుగు బైబిల్లో కూడా మత్తయి దగ్గర నిజమే, వెంటనే కుక్కపిల్లలు కూడా, చివర గదా. కానీ అంటే ఎదురు చెప్పినట్టు. ఎందుకంటే అంటే, మీరన్న దాంట్లోనే నా వాటా ఉంది అని చూపించినట్టు. తన గురించి ఆయన ఏమన్నా పడింది, ఆయన గురించి మాత్రం తక్కువ అనుకోవడానికి ఒప్పుకోలేదు. తగ్గింపు తన విషయంలో, ధైర్యం ఆయన విషయంలో. మన దగ్గర వీటిని రెండు గుణాలుగా విడదీసి రెండు ఆదివారాలు ప్రసంగిస్తారు, ఆమె నోట్లో అవి ఒకే వాక్యం.

ఆ ముక్కల మాట ఎక్కడ వచ్చిందో కూడా చూడాలి. దీనికి ముందు అధ్యాయంలో అయిదు రొట్టెలతో అయిదువేలమంది తిన్నారు, ఆడవాళ్ళూ పిల్లలూ కాక, ముక్కలు పన్నెండు గంపలు మిగిలాయి. దీని తర్వాత కాసేపటికే ఏడు రొట్టెలతో నాలుగువేలమంది, ఏడు గంపలు మిగిలాయి. మధ్యలో ఈమె, రాలే ముక్కలు చాలంటూ. గ్రీకులో గంపల్లోని ముక్కలకూ బల్ల కింది ముక్కలకూ పదాలు వేరు, అది ఒప్పుకుంటాను, కానీ కథను ఆ వరుసలో పేర్చినవాళ్ళకు ఈ సంగతి తెలియదా? శిష్యులు గంపలు మోశారు, చేతులారా మోశారు. అయినా ఆ మిగులు ఎంతో వాళ్ళకు ఎక్కలేదు. రెండోసారి జనం ఆకలితో ఉన్నప్పుడు ఈ అడవిలో అన్ని రొట్టెలు ఎక్కడ దొరుకుతాయని మళ్ళీ అడిగారు. ఆ గంపలు చూడని మనిషి మాత్రం మీ దగ్గర మిగులుతుంది అని ఖాయంగా చెప్పింది. నీళ్ళ మీద నడిచి మునగబోయిన పేతురును యేసు అల్పవిశ్వాసీ అన్నదీ ఈ ముందు అధ్యాయంలోనే. మత్తయిలో గొప్ప విశ్వాసం అనిపించుకున్నవాళ్ళు ఇద్దరే, కపెర్నహూములో రోమా సైన్యపు శతాధిపతి, ఈమె, ఇద్దరూ యూదులు కారు, ఇద్దరూ అడిగింది తమ కోసం కాదు, ఇద్దరి ఇళ్ళకూ ఆయన వెళ్ళలేదు.

సరే, ఇంతవరకూ బాగుంది. నాకు కోపం వచ్చేది ఈ కథను మన దగ్గర వాడే తీరు చూసి. స్త్రీల కూడికల్లో ఈ వాక్యం తీస్తే చాలు, కుక్క అన్నా నొచ్చుకోలేదు చూశారా, మీరు అత్త ఒక్కమాట అంటే అలిగి పుట్టింటికి పోతారు అని మొదలెడతారు. తాగొచ్చి కొట్టే భర్త దగ్గరా తగ్గించుకో, సంఘంలో అన్యాయం జరిగినా తగ్గించుకో. అసలు ఆమె ఏం చేసింది? మగవాళ్ళ మధ్య కేకలు వేసింది, పొమ్మంటే పోలేదు, జవాబు రాకపోతే దగ్గరికి వచ్చింది, గురువుతో వాదించింది, నెగ్గింది. అలాంటి మనిషిని చూపించి నోరు మూసుకోమని చెప్పడానికి ఎంత గుండె కావాలో. ఇంకో సంగతి, మన సంఘాల్లో చాలామందికి వేరే గ్లాసు, వేరే పంక్తి, వాకిట్లో దూరం నుంచి చేతుల్లో పోసిన నీళ్ళు తాతల నాటి జ్ఞాపకాలు కావు, అమ్మానాన్నలు కళ్ళారా చూసినవి. వాళ్ళ ముందు నిలబడి బల్ల కింది ముక్కలతో తృప్తిపడటమే భక్తి అని చెప్పేటప్పుడు కాస్త ఆలోచించాలి. ఆమెకు చివరికి దొరికింది ముక్క కాదు, "నీవు కోరినట్టే" అన్నాడు. కోరినంతా.

దీని పక్కన హన్నాను పెట్టి చూడండి, నాకు ఎక్కువ వెలుగు అక్కడే దొరికింది. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం. పిల్లలు లేక మందిరంలో పెదవులు మాత్రం కదిలిస్తూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుని ఎంతసేపు మత్తులో ఉంటావు అన్నాడు. ఆమె నిజమే అనలేదు. కాదు అంది. మర్యాదగానే అంది, ఏలినవాడా అంటూనే, నేను తాగలేదు, మనసు నొచ్చి ఉన్నాను, నన్ను పనికిమాలినదాన్నిగా లెక్కకట్టొద్దు అంది. ఏలీ మాట మార్చుకుని దీవించి పంపాడు. ఒకామె నిజమే అంది, ఒకామె కాదు అంది, ఇద్దరూ దీనులే, ఇద్దరూ నోరు విప్పినవాళ్ళే. కాబట్టి ఎవరేమన్నా ఒప్పేసుకోవడం తగ్గింపు కాదు. అబద్ధపు నిందను కాదు అనాలి. కనాను స్త్రీ ఒప్పుకున్నది తనకు హక్కు లేదన్న మాటను, నేను ఇశ్రాయేలు పిల్లను కాను, వరుసలో ముందు లేను, అది నిజం. తాను మనిషి కాదని ఆమె ఎక్కడా ఒప్పుకోలేదు. మనిషిని కాను అనుకున్నది అంత దూరం వెంటపడి అడగదు.

అడగందే అమ్మయినా పెట్టదు అంటాం. ఇక్కడ అడుగుతున్నదే అమ్మ.

బెజవాడలో గుణదల కొండకు ఫిబ్రవరిలో ఎప్పుడన్నా వెళ్ళారా? 9 నుంచి 11 దాకా మేరీమాత తిరునాళ్ళు. మెట్ల మీద పిల్లల్ని చంకనేసుకుని ఎక్కే తల్లుల్లో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళో, ఎంతమంది బొట్టు పెట్టుకుని కొబ్బరికాయ పట్టుకొచ్చినవాళ్ళో లెక్క తీయలేం. తలనీలాలిస్తారు, మొక్కులు చెల్లిస్తారు. మా ప్రొటెస్టెంట్ చుట్టాలు దాన్ని చూసి ముక్కు విరుస్తారు, అది వాక్యానుసారమా కాదా అని లెక్కలు తీస్తారు, నేనూ తీసినవాణ్ణే. కానీ కనాను స్త్రీ కథ చదివాక ఆ మెట్ల మీది గుంపును అంత తేలిగ్గా చూడలేకపోతున్నాను. ఆమెకూ సిద్ధాంతం ఏం తెలుసు? దావీదు కుమారుడా అనే పిలుపు ఎవరి నోటో విని ఉంటుంది. యేసు ఆమెను నీ దేవతల సంగతేంటని అడగలేదు, మతం మారమన్నట్టు లేదు, ఆ తర్వాత వెంబడించిందో లేదో కూడా రాయలేదు. విశ్వాసం గొప్పది అన్నాడంతే. అదే సీదోను వైపు సారెపతులో పాత నిబంధన ప్రవక్త ఏలీయాకు తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె ఉన్న విధవరాలు రొట్టె పెట్టింది. ఆమె పిల్లవాడు చనిపోతే ఏలీయా ప్రార్థించి బతికించాడు. యేసు నజరేతులో ఆమె పేరెత్తితేనే సొంత ఊరివాళ్ళు కొండ మీద నుంచి తోయబోయారు. బయటివాళ్ళకు దొరికిందంటే లోపలివాళ్ళకు ఎప్పుడూ మంటే.

ఒక సంగతి చెప్పకుండా వదలలేను. మాకు తెలిసిన ఒకామె కూతురికి మూర్ఛలు. ఒక ప్రార్థనాలయంలో ఎవరో దైవజనుడు ఈ వాక్యమే చూపించి, ఆమె నమ్మింది, పిల్ల బాగుపడింది, నువ్వు మాత్రలు వేస్తున్నావంటే నమ్మకం చాలనట్టే అన్నాడు. మూడు వారాలు మాత్రలు ఆపారు. ఆ పిల్ల స్నానాల గదిలో పడి నుదురు చిట్లింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఈ కథలో ఎక్కడుంది వైద్యం మానమని? ఆమె ఏ దారీ మూసుకోలేదు, ఉన్న ఒక్క దారినీ వదల్లేదు, అంతే. గుంటూరుకు ఈ సువార్త పట్టుకొచ్చిన లూథరన్ మిషన్‌వాళ్ళే, 1842లో హెయర్ దొరగారు వస్తే, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి ఆడవాళ్ళకు వైద్యం మొదలెట్టి 1898 నాటికి ఆసుపత్రి తెరిచారు, ఇప్పటికీ పెద్దవాళ్ళు కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ప్రార్థనకూ మందుకూ పోటీ అని వాళ్ళు మనకు నేర్పలేదు, అది తర్వాత మనం పెట్టుకున్నదే. బాగుపడని పిల్లల తల్లులను నీ విశ్వాసం చిన్నది అనడం ఇంకా దారుణం, అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు అడిగాడు, తీయలేదు, పౌలుకు విశ్వాసం లేదంటామా?

ఆంగ్లికన్ల నుంచి వచ్చిన ప్రభువు బల్ల ఆరాధనలో, రొట్టె తీసుకునే ముందు, మీ బల్ల కింది ముక్కలు ఏరుకోవడానికైనా మేము తగినవాళ్ళం కాము అని ఒప్పుకునే ప్రార్థన ఒకటుంది, 16వ శతాబ్దంలో ఇంగ్లాండులో రాసింది. ఆ మాటలు వచ్చింది ఈమె నుంచే. తమాషా ఏంటంటే, ఆమె అసలు తగను అని వెనక్కి పోలేదు, బల్ల కిందికి ముందుకొచ్చింది.

పోయిన నెల మళ్ళీ ఆ ఇంట్లోనే కూడిక. అయ్యాక మామ్మ పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను, బల్ల కిందికి కుక్కపిల్లను తెచ్చిన సంగతి, గంపల సంగతి, మొదట అన్న పదం సంగతి. టీ తాగుతూ విన్నది. మార్కు చెప్పిన ఈ కథ చివర్లో ఆమె ఒక్కతే ఇంటికి నడిచి వెళ్ళిందని, ఆయన మాట తప్ప చేతిలో ఏమీ లేకుండా వెళ్ళిందని, వెళ్ళేసరికి పిల్ల మంచం మీద పడుకుని ఉందని, దయ్యం పోయిందని చెప్పాను. మామ్మ గ్లాసు కింద పెట్టింది.

"చనిపోయిన యాయీరు కూతురు లేచినప్పుడు ఏమన్నా తినడానికి పెట్టండి అన్నాడుగా నాయనా యేసయ్య. మరి ఈ పిల్లకి పెట్టమన్నట్టు రాయలేదేం?"